ఆరో గడి

ప్రోతరాపూర్,
ఫిబ్రవరి 9.

కళ్యాణి అత్తయ్యకు నమస్కారాలు.

నేను లహరిని, మీ తమ్ముడు మణికుమార్ కూతురిని. నానమ్మ పోయినప్పుడు మీరు వచ్చారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పన్నెండో రోజు కాగానే ఓడెక్కి వెళ్ళిపోయారు. రేవుకు నాన్న రాలేదు, అమ్మా నేనూ వచ్చాం. మీరు హ్యాండ్‌బ్యాగులోంచి తీసి నాకొక పెన్ను ఇచ్చారు. అదింకా ఉంది. రాయదు, కానీ ఉంది.

నా తెలుగు చూసి నవ్వకండి. నేను చదివింది హిందీ మీడియం. రాయడం నానమ్మ నేర్పినంతే వచ్చు. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను, ఇది నాలుగోది.

అసలు సంగతికి వస్తాను. నాకు చెన్నై కంపెనీలో ఉద్యోగం వచ్చి ఏడాది దాటింది. మెయిన్‌ఫ్రేమ్ పని. బ్యాంకులూ రైళ్ళూ ఆధారపడే ఆ పెద్ద కంప్యూటర్లే. మీరు ముప్ఫై ఏళ్ళు విశాఖలో ఇదే పని చేసి రిటైరయ్యారని అమ్మ చెప్పింది. మెషీన్ చెన్నైలో ఉంటుంది. నేను ఇక్కడ అండమాన్‌లో, మా ముందు గదిలో కూర్చుని నడుపుతాను. సముద్రం అడుగున కేబుల్ పడ్డాక ఇది కుదిరింది.

జూన్‌లో ఆ మెషీన్ మీద కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చెయ్యాలి. మొదటిసారి నా ఒక్కదాని చేతికి ఇచ్చారు. సరిగ్గా చేస్తే ఇక ఎప్పటికీ ఇక్కడి నుంచే పని చేసుకోనిస్తారు. తేడా వస్తే చెన్నై వచ్చి కూర్చోమన్నారు మా లీడు గోపినాథ్ సార్. మా క్లాసులో సగంమంది అమ్మాయిలు ఓడెక్కి వెళ్ళిపోయారు అత్తయ్యా. ఉన్నవాళ్ళు టీచర్లో, నర్సులో, లేకపోతే దుకాణం. నాకు ఈ పనీ కావాలి, ఈ ఊరూ కావాలి. రెండూ కావాలనుకోవడం అత్యాశా?

ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందే డేటా సెట్లు, ఫైల్ పాత్‌లు అన్నీ నిర్ణయించి పెట్టాలి. నూట పద్దెనిమిది ఉన్నాయి. మాన్యువల్లో ఏం కొట్టాలో ఉంది, ఎందుకో లేదు. మీరు చెప్తారా?

జవాబు ఇంటికి పంపకండి. అబర్డీన్ బజార్‌లో సాయిలక్ష్మి దీదీ బట్టల కొట్టు అడ్రసు వెనక రాశాను. మీకు రాస్తున్నట్టు నాన్నకు తెలియదు.

లహరి


విశాఖపట్నం,
ఫిబ్రవరి 24.

చిట్టితల్లీ లహరీ,

నీ ఉత్తరంలో తప్పులు పదకొండు. లెక్కపెట్టాను, పాత అలవాటు. నవ్వలేదు. రాయని పెన్నును పదహారేళ్ళు దాచావంటే నువ్వు మా ఇంటి పిల్లవే, ఇంకే రుజువూ అక్కర్లేదు.

ఫోన్ నంబరు పంపుతాననుకుంటున్నావేమో, పంపను. ఫోన్లో విన్నది ఈ చెవి నుంచి ఆ చెవికి పోతుంది. ఈ పని కాగితం మీదే నేర్చుకోవాలి, నేనూ అలాగే నేర్చుకున్నాను.

నువ్వు ఒక్క కమాండు కూడా కొట్టకముందు పెద్ద కాగితం తీసుకుని అయిదు గడులు గియ్యి. పేరు, ఎక్కడ, ఎంత చోటు, ఎవరిది, దేనికి. నూట పద్దెనిమిది వరుసలూ నీ చేత్తో రాయి. కంపెనీ అసలు పేర్లు నాకు పంపకు, మార్చి రాయి.

డేటా సెట్ అంటే భయపడకు. అది ఆ మెషీన్లో సామాన్లు దాచుకునే డబ్బా. దాని పేరు ఎనిమిది అక్షరాలకు మించని ముక్కలుగా, మధ్య మధ్య చుక్కలతో ఉంటుంది. మొదటి ముక్క ఇంటిపేరనుకో. ఆ ఇంటిపేరు చూసే ఎవరిని ముట్టుకోనివ్వాలో మెషీన్ తేల్చుకుంటుంది. కొత్త డబ్బాకు పొరపాటున పాత ఇంటిపేరు తగిలించావంటే నడుస్తున్నదాని మీదే కొత్తది రాసేస్తావు. అందుకని ఇన్‌స్టాల్‌కు వేరే ఇంటిపేరు పెట్టు.

పాత్ సంగతి వేరు. అది పేరు కాదు, దారి. మొదటి నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ పోవాలి, నడుమ ఒక మెట్టు లేకపోతే అక్కడే ఆగిపోతావు. చివరికి ఏ పని ఏ డబ్బాలోకి పోవాలో, ఏ పని ఏ దారిన పోవాలో ముడిపెట్టాలి. ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాముకు కళ్ళు లేవు తల్లీ. నువ్వు వేసిన ముడిని నమ్ముకుని పోతుంది.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. కాగితం పూర్తయ్యాక రాసినవాళ్ళు దాన్ని ఇంకొకరి ముందు పైకి చదవాలి. వినేవాళ్ళు వరుసకో ప్రశ్న వెయ్యాలి. వాళ్ళను రెండో కన్ను అనేవాళ్ళం. రెండో కన్ను సంతకం లేకుండా ఎవరూ కీబోర్డు ముట్టుకునేవారు కాదు. నువ్వూ అలాగే చెయ్యాలి. ఇది నా షరతు.

మీ నాన్న కులాసాగా ఉన్నాడా? నేను అడిగానని చెప్పక్కర్లేదు.

అత్తయ్య


ప్రోతరాపూర్,
మార్చి 20.

అత్తయ్యా,

కొంప మునిగింది. మునగడం కాదు, నేనే ముంచాను. భయపడకండి, ప్రాక్టీసు మెషీన్లోనే.

పేర్లు మీరు చెప్పినట్టే పెట్టాను. 'ఎంత చోటు' గడి దగ్గర దొరికిపోయాను. మాన్యువల్లో రాసినదానికి ప్రతి వరుసలో పదింతలు అడిగాను. డిస్కు నిండిపోయి పక్క టీమువాళ్ళ పని గంటసేపు ఆగింది. గోపినాథ్ సార్ అందరి ముందూ అడిగారు, "ఏమ్మా, అండమాన్‌లో గోడౌన్ పెడుతున్నావా?" అని. అందరూ నవ్వారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత ఆలోచిస్తే నాకూ నవ్వొచ్చింది.

నా తప్పు కాదు అత్తయ్యా, మా వంటింటి తప్పు. ఇక్కడ ఓడ వస్తే ఉల్లిపాయ ఉంటుంది, రాకపోతే లేదు. వానలు మొదలవకముందే అమ్మ బియ్యం, పప్పు, నూనె, కొవ్వొత్తులు అన్నీ ఒకటి చాలేచోట నాలుగు తెచ్చి మంచం కింద తోస్తుంది. ఆ ఇంట్లో పెరిగిన చెయ్యి ఇది. చోటు అన్న మాట కనపడగానే దానంతట అదే ఇంకో సున్నా చేర్చింది.

కాగితం నకలు ఇందులో పెట్టాను, పేర్లు మార్చి. తప్పులు దిద్దండి. రెండో కన్ను మాత్రం ఎక్కడి నుంచి తేను? ఈ ఊళ్ళో మెయిన్‌ఫ్రేమ్ అంటే ఏమిటో తెలిసినది నేనొక్కదాన్నే. అమ్మకు చెబితే "మెయిన్ లైను పోయిందా?" అంటుంది.

నాన్న బాగున్నారు. చాతమ్ నుంచి బాంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీని ఇప్పటికీ నడిపేది ఆయనే, సారంగు. ఇంకో రెండేళ్ళు సర్వీసు ఉంది. మీ పేరెత్తితే మాత్రం ముందున్న కంచం వదిలేసి లేచిపోతారు. ఎందుకో అమ్మ చెప్పదు. మీరైనా చెప్తారా?

లహరి


విశాఖపట్నం,
ఏప్రిల్ 6.

లహరీ,

నీ గోడౌన్ సంగతి చదివి ఎంత నవ్వానంటే పక్కింటావిడ వచ్చి చూసి వెళ్ళింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాదీ అదే జబ్బు. ఇక్కడ వీధి చివర కొట్టులో రోజూ ఉల్లిపాయలు దొరుకుతాయని నమ్మడానికి నాకు రెండేళ్ళు పట్టింది. సర్లే, మందు రాసుకో. మాన్యువల్ చెప్పినంత మొదట ఇవ్వు. చాలకపోతే ఇంకాస్త ఇంకాస్త తీసుకునేలా రెండో అంకె ఒకటి ఉంటుంది, దాన్ని నమ్ము. మరీ తక్కువిస్తే సగంలో ఆగుతుంది, మరీ ఎక్కువిస్తే పక్కవాడు ఆకలితో పడుకుంటాడు.

కాగితం ఎర్ర ఇంకుతో దిద్ది పంపుతున్నాను. ప్రతి వరుసలో చోటు తగ్గించాను. రెండు పాత్‌లు నడుస్తున్న సాఫ్ట్‌వేర్ మీదికి చూస్తున్నాయి, వాటిని కొత్త దారికి మళ్ళించాను. రెండుసార్లు చదివాను. ఇప్పుడు నా కంటికి అంతా సరిగ్గానే ఉంది. అందుకే నేను సంతకం పెట్టకుండా, పక్కన 'రెండో కన్ను ముందు పైకి చదవాలి' అని రాశాను. దిద్దిన చెయ్యి రెండో కన్ను కాకూడదు.

తెలిసినవాళ్ళు లేరని దిగులుపడకు. ఈ పనికి తెలియనివాళ్ళే మేలు. తెలిసినవాడు "ఇది మామూలేగా" అని దాటేస్తాడు. తెలియనివాడు ప్రతిదానికీ "ఇదేమిటి?" అంటాడు. నువ్వు చెప్పాలి. చెప్పేటప్పుడు ఎక్కడ నోరు తడబడుతుందో అక్కడ తప్పుంటుంది. ఎవరినైనా సరే కూర్చోబెట్టు.

నేను ఒక్కసారి రెండో కన్ను లేకుండా వెళ్ళాను. ఆ కథ ఇంకెప్పుడైనా.

మీ నాన్న కోపం సంగతి మీ నాన్ననే అడగాలి.

అత్తయ్య


ప్రోతరాపూర్,
మే 19.

అత్తయ్యా,

రెండో కన్ను దొరికింది. ఎవరో చెబితే మీరు నమ్మరు.

నిన్న గాలి ఎక్కువగా ఉండి ఫెర్రీ ఆపేశారు. నాన్న ఇంట్లోనే ఉన్నారు. కాగితం బల్ల మీద పరిచి నేను స్నానానికి వెళ్ళాను, బుద్ధి లేకుండా. వచ్చేసరికి ఆయన దాని ముందు నిలబడి ఉన్నారు.

"ఈ ఎర్ర ఇంకు ఎవులిది?" అన్నారు.

అబద్ధం ఆడలేకపోయాను. మీ రాత ఆయనకు తెలియకుండా ఉంటుందా? బయటికి వెళ్ళి నీళ్ళ డ్రమ్ము మూత తీసి చూశారు, మళ్ళీ పెట్టారు. పావుగంట తర్వాత లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నారు. "రెండో కన్ను అని రాసింది గదా పక్కన. నాకు రెండున్నాయి. చదువు, ఇంటాను" అన్నారు.

మూడు గంటలు చదివాను. వరుసకో "ఇదేటి?". అమ్మ రెండుసార్లు టీ ఇచ్చింది. డెబ్భై మూడో వరుస ఒక పాత్. దాని చివర ఖాళీ డైరెక్టరీ ఉంటుందనీ, సామాన్లన్నీ నింపే పెద్ద పెట్టె వేరే ఉంటుందనీ, ఆ పెట్టెను తెచ్చి ఈ దారి చివర తగిలించాలనీ, దాన్నే మౌంట్ అంటారనీ చెప్పాను. ఆయనకు అర్థం కావాలని ఇంకో మాట చేర్చాను. "దారి జెట్టీ లాంటిది నాన్నా. పెట్టె పడవ. జనం బాంబూఫ్లాట్ జెట్టీ అనే అంటారు, ఎక్కేది పడవలోకి."

"ఆ, సమఝ్ గయా. మరి పడవ కట్టినోడెవుడు?"

"నేనే కట్టాను, గురువారం."

"ఠీక్ హై. లైటు పోయి మెషీను బంద్ అయిపోనాది. మళ్ళీ చాలూ సేసినారు. అప్పుడు తాడు ఎవుడు కడతాడు? లస్కరున్నాడేటి దానికి?"

అత్తయ్యా, నా నోరు తడబడలేదు, మూతబడిపోయింది. మెషీన్ మళ్ళీ మొదలైనప్పుడల్లా ఏ పెట్టెను ఎక్కడ తగిలించాలో చదువుకునే పట్టీ ఒకటి ఉంటుంది కదా. అందులో నా పెట్టె పేరు లేదు. నేను చేత్తో తగిలించి మరిచిపోయాను. జూన్ 14న మధ్యాహ్నం పన్నెండింటికి మెషీన్‌ను ఆపి మళ్ళీ మొదలుపెడతారు. రెండింటికి నా ఇన్‌స్టాల్. అప్పటికి జెట్టీలో పడవ ఉండదు.

"పడవ లేకపోతే ఏటవుద్ది?" అన్నారు నాన్న.

"సామాన్లు ఆగవు నాన్నా. జెట్టీ మీదినుంచి నడుచుకుంటూ వెళ్ళి కింద పడతాయి. మెషీన్ మొత్తానికీ ఆధారమైన డిస్కులో పడి దాన్ని నింపేస్తాయి. అందరి పనీ ఆగిపోతుంది. తర్వాత ఎవరైనా పడవ తెచ్చి కడితే కింద పడినవి కనిపించను కూడా కనిపించవు."

ఆయన పెన్సిల్ తీసుకుని అయిదు గడుల పక్కన ఇంకో గడి గీశారు. పైన తెలుగులో 'మళ్ళీ ఎవరు?' అని రాశారు. ఇరవై ఏళ్ళుగా ఆయన తెలుగులో సంతకం తప్ప ఇంకోటి రాయడం నేను చూడలేదు.

పట్టీలో పేరు చేర్చేశాను. ప్రాక్టీసు మెషీన్‌ను ఆపించి, మొదలుపెట్టించి చూశాను. పడవ దానంతట అదే వచ్చి కట్టుకుంది.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు ఈ కాగితం రెండుసార్లు చదివారు. ముప్ఫై ఏళ్ళ అనుభవం. ఫెర్రీ సారంగుకు తట్టింది మీకెందుకు తట్టలేదు?

లహరి


విశాఖపట్నం,
జూన్ 1.

లహరీ,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. కోపం రాలేదు. జవాబు మూడుసార్లు రాసి చింపాను, అంతే.

ఇంకెప్పుడైనా చెప్తానన్న కథ ఇదే. 2004 డిసెంబరు 25, శనివారం. మా దగ్గర కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నాం. పండగని రెండో కన్ను రాలేదు. నాకు తెలియని పనా అని నేనే చదువుకుని, నేనే సంతకం పెట్టుకున్నాను. పెట్టెను చేత్తో తగిలించాను. మెషీన్‌ను ఆపి మొదలుపెట్టారు. పట్టీలో పేరు లేదు. నువ్వు చెయ్యబోయిన తప్పే నేను చేశాను తల్లీ, ఒక్క గీత తేడా లేకుండా.

ఆదివారం పొద్దున మెషీన్ లేవలేదు. అదే పొద్దున మీ దగ్గర సునామీ, సముద్రం లేచింది. అప్పుడు మన ఇల్లు బాంబూఫ్లాట్‌లో, నీళ్ళ పక్కనే. మా ఆఫీసు పెద్దాయన వెంటనే సెలవిచ్చి, మిలిటరీ విమానంలో చోటు అడిగి పెడతానన్నాడు. నేను కదల్లేదు. పని నడిపించింది సుభాష్ అనే తోటి ఉద్యోగి పేరు మీద. అందరూ అతన్నే అంటున్నారు, ఉద్యోగం పోయేలా ఉంది. తప్పు నాదేనని నాకు అనుమానం ఉంది, రుజువు లేదు. ఫైళ్ళు ఎక్కడ పడ్డాయో తెలియదు. ఈలోపు ఎవరో మళ్ళీ కట్టిన పడవను నాలుగో రోజున విప్పి చూస్తే అన్నీ కిందే ఉన్నాయి. తప్పు నాది అని కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

ఆ మధ్యలోనే మణి క్యాంపు నుంచి ఫోన్ చేశాడు. అమ్మను వీపు మీద వేసుకుని నడుం లోతు నీళ్ళలో నడిచి వచ్చాడట. "ఎప్పుడొస్తావక్కా?" అన్నాడు. సెలవివ్వలేదని చెప్పాను. నా తప్పు వల్ల రాలేకపోతున్నానని చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత ఎవరి ద్వారానో సెలవిచ్చారని వాడికి తెలిసింది. సెలవిచ్చినా అక్క రాలేదు, పైగా అబద్ధమాడింది. వాడికి తెలిసింది అంతే. అందులో తప్పేమీ లేదు కూడా.

ఆ తర్వాత పన్నెండేళ్ళు ఉద్యోగం చేశాను. మౌంట్ అన్న పని మాత్రం ముట్టుకోలేదు, ఇంకొకరికి ఇచ్చేసేదాన్ని. భయపడి తప్పుకున్నచోటు కంటికి ఆనదు లహరీ. డెబ్భై మూడో వరుస నాకు అందుకే కనిపించలేదు. ఆ ప్రశ్న ఆ రోజు నన్ను అడిగేవాడు లేడు. అడగగలిగినవాడు మా ఇంట్లోనే ఉన్నాడని ఇప్పుడు తెలిసింది.

ఆఫీసులో పదిమంది ముందు ఒప్పుకోగలిగాను, తమ్ముడి ముందు ఒప్పుకోలేకపోయాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఈ ఉత్తరం మణి ముందు కూర్చుని పైకి చదువు. వాణ్ణి ప్రశ్నలు అడగనివ్వు.

పద్నాలుగో తేదీన నీ పని బాగా జరుగుతుంది. ఇది దీవెన కాదు, నీ కాగితం చూసి చెప్తున్న మాట.

అత్తయ్య


ప్రోతరాపూర్,
జూన్ 17.

అత్తయ్యా,

అయింది! శనివారం ఇక్కడ పొద్దుటి నుంచి వాన. రెండుసార్లు కరెంటు పోయింది. చెన్నైలో మెషీన్‌కు ఏమీ కాదని తెలిసినా మంచం కింది కొవ్వొత్తులన్నీ తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. పన్నెండింటికి ఆపారు, ఒంటిగంటకు లేచింది. మొట్టమొదట డెబ్భై మూడో వరుస చూశాను. పడవ కట్టి ఉంది. రెండింటికి మొదలుపెడితే అయిదున్నరకు అయిపోయింది. ఒక్క డబ్బా కూడా చోటు చాల్లేదనలేదు.

గోపినాథ్ సార్‌కు ఆరు గడుల కాగితం చూపించాను. ఆరో గడి ఎవరిదని అడిగారు. మా నాన్నదన్నాను. ఏ కంపెనీ అన్నారు. హార్బర్ ఫెర్రీ అన్నాను. ఇకనుంచి టీము మొత్తం ఆ గడి నింపాలని సోమవారం మెయిల్ పెట్టారు. చివరి లైనులో, లహరి ప్రోతరాపూర్ నుంచే పని చేస్తుంది అని ఉంది. అమ్మ ఆ లైను ప్రింటు తీయించి సాయిలక్ష్మి దీదీ కొట్లో చూపించుకుని వచ్చింది.

మీ ఉత్తరం శనివారానికి రెండు రోజుల ముందు అందింది. నాన్న ముందు కూర్చుని పైకి చదివాను. ఆయన ప్రశ్నలేమీ వెయ్యలేదు. కళ్ళు మూసుకుని విన్నారు. అంతా అయ్యాక ఒక్కటే అడిగారు.

"ఆ సుభాష్ నౌకరీ నిలబడినాదా?"

"అత్తయ్య రాయలేదు నాన్నా."

"నిలబడే ఉంటాది. అక్కుంది గదా అక్కడ" అన్నారు.

తర్వాత చాలాసేపు వాకిట్లో నిలబడ్డారు. వెనక్కి తిరిగినప్పుడు ఏడ్చారని తెలుస్తోంది. "అంత సదువుకున్నాది, ఫోన్లో ఒక్క ముక్క సెప్పలేకపోయినాది. పాగల్" అని నన్ను తెల్లకాగితం అడిగారు. స్కేలు కూడా అడిగారు. రాసినది నన్ను చదవనివ్వకుండా మడత పెట్టారు గానీ, రెండో కన్ను లేకుండా పంపకూడదని పట్టుబట్టి చదివాను. ఇందులో పెడుతున్నాను.

లహరి

పేరు: కళ్యాణక్క
ఎక్కడ: విశాఖ / హడ్డో రేవు / ప్రోతరాపూర్ / మనిల్లు
ఎంత చోటు: ఇల్లంతా
ఎవరిది: మాది
దేనికి: దేనికేటి, రావాలి
మళ్ళీ ఎవరు: ఓడ తప్పిపోతే నేనే ఒచ్చి తెస్తాను. మణి


విశాఖపట్నం,
జూన్ 29.

తమ్ముడు మణికి,

నీ కాగితం అందింది. నియమం ప్రకారం వరుస మొత్తం పైకి చదివాను, పక్కింటావిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని.

'ఎంత చోటు' గడిలో మరీ ఎక్కువ రాశావు. మీ అమ్మాయికి ఆ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఒక మంచం చాలు, కిటికీ పక్కన అయితే మంచిది. ఎర్ర ఇంకుతో దిద్దాను. 'ఎవరిది' గడి దగ్గర నా నోరు తడబడింది. అక్కడ తప్పేమీ లేదు. పక్కింటావిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

సుభాష్ ఉద్యోగం నిలబడింది. నువ్వు అడిగావని ఫోన్ చేసి చెప్తే చాలాసేపు మాట్లాడాడు.

టికెట్ తీసుకున్నాను. ఓడ జూలై పదకొండున హడ్డో చేరుతుంది. లహరికి ఒక పెన్ను తెస్తున్నాను, ఇది రాస్తుంది. సముద్రం బాగోక ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే కంగారుపడకు.

రేవుకు నువ్వే రావాలి. పోయినసారి ఓడ కదిలేదాకా రెయిలింగు పట్టుకుని నీకోసం చూశాను.

అక్క